ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేని బ్యాకప్: తిరుపతిలో ఒక ఇంటి కేస్ స్టడీ

ఇల్లు తిరుపతి కొర్లగుంటలో. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. కింద ముందుగదిలో పెద్దాయన డీటీపీ పని చేస్తారు: పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు. విండోస్ 7 డెస్క్‌టాప్, అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, 'అను' అనే తెలుగు ఫాంట్లు. పైన అబ్బాయి పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, పనంతా మ్యాక్‌బుక్ మీదే. అమ్మాయి ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఆమెది విండోస్ 11 ల్యాప్‌టాప్. కోడలిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని.

నన్ను పిలిచేనాటికి డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్క్ పోయింది. ఎప్పుడో పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టిన పాత ఫైళ్లు మాత్రం మిగిలాయి. ఈ నష్టం ఎంతో డీటీపీ చేసేవాళ్లకే తెలుస్తుంది. పెద్దబ్బాయి పెళ్లికి కార్డు వేయించుకున్నవాళ్లు చిన్నబ్బాయి పెళ్లికీ ఆ గడపకే వస్తారు. ఇంటిపేరు, తాతల పేర్లు, మేనమామల పేర్లు, ఊళ్లు అన్నీ పాత ఫైల్లో ఉంటాయి. ఫైలు ఉంటే గంటలో పని అయిపోతుంది. లేకపోతే మళ్లీ టైపు, మళ్లీ ప్రూఫు, మళ్లీ అచ్చుతప్పుల టెన్షన్. ఇన్నేళ్లుగా కూడబెట్టిన ఆ ఫైళ్లే ఆయన పెట్టుబడి.

ఆ ఇంట్లో బ్యాకప్ అనే ఆలోచనే లేదనుకోవద్దు. పైఅంతస్తు రౌటర్‌కు ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలించి ఉంది. "అందరూ ఇందులోకి కాపీ చేసుకోండి" అని అబ్బాయి అందరికీ చెప్పాడు కూడా. "గుర్తుండి చేస్తే కదప్పా బ్యాకప్పు! సీజన్లో అన్నం తినేదే గుర్తుండదు" అన్నారు పెద్దాయన. నేను అక్కడ తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ మాటనే కొలతగా పెట్టుకున్నాను. మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని ఒక్కటి మిగిలినా, పెళ్లిళ్ల సీజన్‌లో ఆ బ్యాకప్ ఆగిపోతుంది.

పాత ఏర్పాటు ఎందుకు పనిచేయలేదు

ముందు ఆ యూఎస్‌బీ డిస్క్ సంగతి చూశాను. కింద డెస్క్‌టాప్‌కు అది కనిపించనే కనిపించదు. అమ్మాయి ల్యాప్‌టాప్‌లో పేరు కనిపిస్తుంది, తెరిస్తే ఎర్రర్ వస్తుంది. మ్యాక్‌లో తెరుచుకుంటుంది కానీ ఫైళ్లు చేత్తో లాగి వేయాలి. డిస్క్ ఒకటే, చిక్కులు మాత్రం మూడు, మూడింటికీ కారణాలు వేరు.

డెస్క్‌టాప్ చిక్కు నేను చాలా ఇళ్లలో చూసేదే. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టిన బాక్సు కింద హాల్లో ఉంది. దాని వైఫై పైకి అందక ఇంకో రౌటర్ కొని, కింది బాక్సు నుంచి వైరు లాగి, పై రౌటర్ వాన్ పోర్టులో, అంటే ఇంటర్నెట్ లోపలికి వచ్చే పోర్టులో పెట్టారు. ఇంటర్నెట్ రెండు చోట్లా వస్తుంది కాబట్టి అంతా బాగుందనే అనుకుంటారు. కానీ ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు తయారయ్యాయి. కిందివాటికి 192.168.1 తో మొదలయ్యే అడ్రస్‌లు, పైవాటికి 192.168.0 తో మొదలయ్యేవి. పై రౌటర్ తన వెనక ఉన్నవాటిని కిందివాళ్లకు కనపడనివ్వదు. ఫైర్‌వాల్ చేయాల్సిన పనే అది, తప్పుపట్టడానికి లేదు.

అమ్మాయి ల్యాప్‌టాప్ చిక్కు వేరు. ఆ పాత రౌటర్ ఎస్ఎంబీ వన్ అనే పాత పద్ధతిలో మాత్రమే ఫైళ్లు పంచగలదు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఎస్ఎంబీ వన్‌లోని లోపం పట్టుకునే. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి ఇవ్వడం మొదలుపెట్టింది. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఎస్ఎంబీ వన్ మళ్లీ ఆన్ చేసుకోమని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. పాత రౌటర్ కోసం ల్యాప్‌టాప్ తలుపు గడియ తీసి పెట్టడం అవుతుంది.

మ్యాక్ విషయం తేలిక. మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ ప్రోగ్రాం టైమ్ మెషిన్. అది నెట్‌వర్క్ మీద నడవాలంటే అవతలి పెట్టెకు కూడా ఆ సౌకర్యం తెలిసి ఉండాలి. ఆ రౌటర్‌కు తెలియదు. అంతే.

ముందు ఇల్లంతా ఒకే నెట్‌వర్క్

వైర్‌లెస్ బ్యాకప్ అనగానే అందరూ ఏ పెట్టె కొనాలని అడుగుతారు. నేను మొదట అడిగేది మెట్ల పక్కన పైపు ఉందా అని. కాంక్రీటు స్లాబును దాటి 5 గిగాహెర్ట్జ్ వైఫై సరిగా రాదు. 2.4 గిగాహెర్ట్జ్ వస్తుంది, కానీ నెమ్మది. పైగా పక్కిళ్ల వైఫైలన్నీ అదే బ్యాండ్‌లో తోసుకుంటూ ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు వైరు లేకుండా ఉండాలంటే, రౌటర్ల మధ్య మాత్రం మంచి వైరు ఉండాలి.

మెట్ల వెంట ఉన్న పాత టీవీ కేబుల్ పైపులోంచి క్యాట్ 6 కేబుల్ లాగించాను. పై రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. ఎంత లాగినా సెకనుకు 11, 12 మెగాబైట్లు మించవు, అందుకే దాన్ని తీసేసి గిగాబిట్ రౌటర్ పెట్టించాను. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే వైఫై మాత్రమే పంచేలా మార్చాక అడ్రస్‌లు ఇచ్చే పని కింది ఫైబర్ బాక్సు ఒక్కదానికే మిగిలింది. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అయింది. కిందా పైనా వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే. 2.4 బ్యాండ్‌లో కింద ఛానల్ 1, పైన ఛానల్ 11. డెస్క్‌టాప్‌కు ఉన్న వైఫై డాంగిల్ పీకేసి వైరు ఇచ్చాను. కదలని కంప్యూటర్‌కు వైఫై ఎందుకు?

పెట్టె, డిస్కులు

రెండు డిస్కులు పట్టే నాస్ బాక్సు, అంటే ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ వాడుకునే డిస్కుల పెట్టె. 8 టీబీ డిస్కులు రెండు, రెండింటి మీదా అదే డేటా ఉండే మిర్రర్ పద్ధతిలో. ఒక డిస్క్ పోయినా రెండోదానితో పని నడుస్తుంది. దీన్నే చాలామంది బ్యాకప్ అనుకుంటారు, ఆ భ్రమ ప్రమాదకరం. ఒక డిస్క్ మీద ఫైలు చెరిపేస్తే రెండోదాని మీద కూడా ఆ క్షణమే చెరిగిపోతుంది. డిస్క్ చెడిపోవడం నుంచే మిర్రర్ కాపాడుతుంది. చెయ్యి జారడం నుంచి, వైరస్ నుంచి, దొంగతనం నుంచి కాపాడదు. డిస్కులు కొనేటప్పుడు డేటా వరుసలను ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రాసే ఎస్ఎంఆర్ రకం కాకుండా, విడివిడిగా రాసే సీఎంఆర్ రకం అడిగి తీసుకోండి. ఒకటి పోయి కొత్తది పెట్టినప్పుడు డేటా మళ్లీ నింపుకోవడానికి ఎస్ఎంఆర్ డిస్కులు చాలా సతాయిస్తాయి.

చెయ్యి జారడానికీ వైరస్‌కూ మందు స్నాప్‌షాట్లు, అంటే ఫైళ్లన్నీ ఆ క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే నాస్ దాచిపెట్టే నకళ్లు. బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ వాడే బాక్సు ఎంచుకున్నది అందుకే. ప్రతి రాత్రి ఒక స్నాప్‌షాట్, 30 రోజులవి ఉంటాయి. కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ దూరిందనుకుందాం. ఆ కంప్యూటర్‌కు నాస్ మీద రాసే హక్కు ఉంది కాబట్టి బ్యాకప్ ఫైళ్లను కూడా అది పాడుచేయగలదు. స్నాప్‌షాట్లను ముట్టుకోవాలంటే నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది ఏ కంప్యూటర్‌లోనూ సేవ్ చేయలేదు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టారు.

బయటి నుంచి మొబైల్‌లో ఫొటోలు చూసుకునేలా పెట్టమని అబ్బాయి అడిగాడు. ఒప్పుకోలేదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్ బాక్సుల్లోకి దూరి ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. ఏ కంపెనీ బాక్సైనా బయటికి పోర్టు తెరిస్తే ఆ ప్రమాదం ఉంటుంది. ఫైబర్ బాక్సులో పోర్ట్ ఫార్వార్డింగ్, అంటే బయటి నుంచి లోపలికి దారి, ఏదీ లేదని చూసి, అలాంటి దారులను పరికరాలు తమంతట తామే తెరుచుకోనిచ్చే యూపీఎన్‌పీ ఆపేశాను.

మ్యాక్, విండోస్ 11

మ్యాక్‌లో 700 జీబీ డేటా. పాత వైఫైలో సెకనుకు 4 మెగాబైట్లు వచ్చేవి. ఆ లెక్కన మొదటి బ్యాకప్‌కే రెండు రోజులు ఆగకుండా నడవాలి, మధ్యలో మూత వేస్తే ఆగుతుంది. మొదటిసారి మాత్రం మ్యాక్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి రాత్రంతా వదిలేశాం, పొద్దునకు అయిపోయింది. ఆ తర్వాత వైఫై మీద గంటగంటకూ మారినవే వెళ్తాయి కాబట్టి మనిషికి తెలియను కూడా తెలియదు. టైమ్ మెషిన్ గత 24 గంటలవి గంటకొకటి, గత నెలవి రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి ఉంచుకుంటుంది. డిస్క్ నిండేదాకా పెరుగుతూనే పోతుంది. అందుకే మ్యాక్ వాటాకు 2 టీబీ కోటా పెట్టాను, లేకపోతే ఇంటిల్లిపాది జాగా అదే తినేస్తుంది.

అసలు ఫొటోలు మాత్రం మ్యాక్‌లో లేవు. అవి ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న బయటి ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయి. ఎక్స్‌ఫ్యాట్ డిస్కులను టైమ్ మెషిన్ బ్యాకప్ తీసుకోదు. యాపిల్ ఫార్మాట్‌లో ఉన్నా, బయటి డిస్కులను ముందుగా మినహాయింపుల్లోనే పెడుతుంది. పచ్చని గుర్తు చూసి అంతా భద్రం అనుకునే ఫొటోగ్రాఫర్లకు ఇది గట్టిగా చెప్పాలి. ఎస్‌ఎస్‌డీ మ్యాక్‌కు తగిలించగానే తనంతట తాను నడిచేలా చిన్న స్క్రిప్టు రాసి, అది కొత్త ఫొటోలను నాస్‌లోకి పంపేలా పెట్టాను. ముహూర్తం షూట్ నుంచి తెల్లవారుజామున వచ్చి పడుకునే మనిషిని 'కాపీ చేశావా' అని అడగడం న్యాయం కాదు.

అమ్మాయి ల్యాప్‌టాప్‌లో విండోస్ సొంత బ్యాకప్ సౌకర్యం ఫైల్ హిస్టరీ పెట్టాను. విండోస్ 11 సెట్టింగ్స్‌లో అది దొరకదు, పాత కంట్రోల్ ప్యానెల్‌లోనే ఉంది. గంటకోసారి థీసిస్ ఫోల్డర్ కాపీ అవుతుంది. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. కుటుంబమంతా వాడే షేర్‌ను, అంటే నాస్‌లో అందరూ పంచుకునే ఫోల్డర్‌ను, ఆమె ఒక యూజర్ పేరుతో తెరిచి ఉంచింది, బ్యాకప్‌కు నేను ఇంకో యూజర్ ఇచ్చాను. ఒకే సర్వర్‌కు ఒకేసారి రెండు పేర్లతో వెళ్లడాన్ని విండోస్ ఒప్పుకోదు, 1219 నంబర్ ఎర్రర్ ఇస్తుంది. ఒకదాన్ని పేరుతో, ఇంకోదాన్ని ఐపీ అడ్రస్‌తో తెరిచే కిటుకు ఉంది కానీ, ఏదో ఒకరోజు అది తిరగబడుతుంది. ఒకే యూజర్‌కు రెండు షేర్ల హక్కులూ ఇచ్చి, భద్రత భారం స్నాప్‌షాట్ల మీద పెట్టాను. నాస్‌కు ఎప్పుడూ ఒకే అడ్రస్ వచ్చేలా ఫైబర్ బాక్సులో రిజర్వ్ చేశాను.

కోడలి ల్యాప్‌టాప్ జోలికి పోలేదు. అది కంపెనీది. కంపెనీ డేటా ఇంటి డిస్క్ మీదికి రాకూడదు. "అది కూడా పెట్టేయన్నా, ఒక పనైపోతుంది" అంది అమ్మాయి. వద్దని చెప్పాను.

డీటీపీ కంప్యూటర్

ఎక్కువ ఆలోచన పెట్టింది దీనిమీదే. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14తో ముగిసింది. ఈ కంప్యూటర్‌లో ఉన్నది హోమ్ ప్రీమియం. అందులో బ్యాకప్ సౌకర్యం ఉంది, కానీ నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి పంపే వీలు ప్రొఫెషనల్, ఆ పై రకాల్లోనే. కొత్త హార్డ్ డిస్క్ వేసి, ఆయన పద్ధతి ఆయనకు తిరిగి కుదిరాక, ఫోల్డర్లు కాపీ చేసే రోబోకాపీ అనే కమాండ్‌తో పని కానిచ్చాను. అది విండోస్‌లోనే ఉంటుంది, డబ్బు పెట్టనక్కర్లేదు.

రోబోకాపీతో రెండు జాగ్రత్తలు. మిర్ అనే ఆప్షన్ వాడితే రెండు వైపులా అచ్చం ఒకేలా ఉంచుతుంది. అంటే ఇక్కడ పొరపాటున చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. పత్రికల ఫోల్డర్‌కు అది వద్దు, ఇక్కడ చెరిపినా అక్కడ ఉండిపోయే '/E' ఆప్షన్ చాలు. రెండోది, ఏదైనా ఫైలు పేజ్‌మేకర్‌లో తెరిచి ఉంటే రోబోకాపీ దాన్ని కాపీ చేయలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎన్నిసార్లో మనం చెప్పకపోతే పది లక్షల సార్లు, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు. ఒక్క ఫైలు దగ్గరే జీవితకాలం గడిపేస్తుంది. ఆర్ ఆప్షన్‌కు 2, డబ్ల్యూ ఆప్షన్‌కు 5 ఇస్తే రెండుసార్లు చూసి ముందుకు పోతుంది. టాస్క్ షెడ్యూలర్‌లో మధ్యాహ్నం రెండింటికి, అంటే ఆయన భోంచేసి నడుం వాల్చే వేళకు పెట్టాను. ఆ సమయానికి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటే, ఆన్ చేయగానే నడవాలని టిక్కు పెట్టాను.

తర్వాత పరీక్ష. తిరిగి రాబట్టి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. పేజ్‌మేకర్ ఉన్న ఇంకో కంప్యూటర్ తెచ్చి, నాస్‌లోంచి ఒక శుభలేఖ ఫైలు తీసి తెరిచాం. ఫైలు తెరుచుకుంది. కానీ వధూవరుల పేర్లు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫాంటే ఉంటే తప్ప అక్షరాలు తెలుగులో కనపడవు. ఫాంట్లు విండోస్ ఫోల్డర్ లోపల ఉంటాయి, పత్రికల ఫోల్డర్‌లో ఉండవు. వేల ఫైళ్లు భద్రంగా ఉండి చదవలేకపోతే ఏం లాభం?

అందుకని మూడు పనులు చేశాం. ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా రోబోకాపీలో కలిపాను. కంప్యూటర్ మొత్తాన్ని, అంటే విండోస్, పేజ్‌మేకర్, అను కీబోర్డు అన్నీ కలిపి, క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాంతో ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి అచ్చు నకలు, తీసి విడిగా ఒక యూఎస్‌బీ డిస్క్‌లో పెట్టాను. ప్రింటుకు పంపే ప్రతి కార్డునూ పీడీఎఫ్‌గా కూడా అదే ఫోల్డర్‌లో సేవ్ చేయమని పెద్దాయనను కోరాను. ఇది మాత్రం మనిషి చేయాల్సిన పనే. కానీ కస్టమర్‌కు వాట్సాప్‌లో ప్రూఫు పంపడానికి ఆయన ఎలాగూ పీడీఎఫ్ తీస్తారు, దాన్ని సేవ్ చేసే చోటు ఒక్కటి మార్చుకుంటే చాలు. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా, ఎక్కడైనా చదవొచ్చు.

ఈ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు. ఫైబర్ బాక్సులో దానికి ఇంటర్నెట్ ఆపేసి, ఇంటి నెట్‌వర్క్ మాత్రం ఉంచాను. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను ముందు అమ్మాయి ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేస్తున్నారు.

కరెంటు, ఎండ, నీళ్లు

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కానీ కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో నాస్ రీస్టార్ట్ అయ్యేది. రాస్తూ ఉండగా అలా జరిగితే డేటా చెడిపోవచ్చు. చిన్న యూపీఎస్ పెట్టి నాస్, పై రౌటర్ రెండూ దానికి ఇచ్చాను. యూపీఎస్ నుంచి నాస్‌కు యూఎస్‌బీ వైరు ఉంది, బ్యాటరీ తగ్గితే నాస్ తనే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. 2021 నవంబర్ వానలకు తిరుపతిలో చాలా కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. కాబట్టి కింద నేలమీద వద్దు. పైన అటక మీద పెడదామన్నాడు అబ్బాయి. మేలో మన ఎండలకు స్లాబు కింద అటక కాలిపోతుంది. చివరికి పై హాల్లో, నిలువెత్తున గాలి ఆడే షెల్ఫ్‌లో పెట్టాం. డిస్క్ వేడి 45 డిగ్రీలు దాటితే అబ్బాయికి మెయిల్ వెళ్తుంది.

చిత్తూరు కాపీ

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన సూత్రం ఇది. ఇల్లు దాటిన కాపీ క్లౌడ్‌లో పెట్టుకోవచ్చు, కానీ పెళ్లి ఫొటోలన్నిటికీ నెలనెలా కట్టాల్సింది ఎక్కువవుతుంది. థీసిస్, పత్రికల పీడీఎఫ్‌లు మాత్రం క్లౌడ్‌కు వెళ్తాయి. మిగతావాటికి రెండు యూఎస్‌బీ డిస్కులు. పెద్దకూతురు చిత్తూరులో ఉంటుంది, ఇక్కడికి 70 కిలోమీటర్ల దూరం. మనవడి కోసం అమ్మమ్మ నెలకోసారైనా వెళ్తుంది. వెళ్లేటప్పుడు ఒక డిస్క్ తీసుకెళ్తుంది, వచ్చేటప్పుడు అక్కడున్నది తెస్తుంది. తెచ్చినదాన్ని నాస్‌కు గుచ్చితే కాపీ దానంతటదే మొదలై, అయ్యాక బీప్ కొడుతుంది. బస్సులో పోయినా ఎవరూ చదవకుండా రెండు డిస్కులూ ఎన్‌క్రిప్ట్ చేశాను. ఆ పాస్‌వర్డ్ కూడా బీరువా కాగితంలోనూ, చిత్తూరులో కూతురి దగ్గరా ఉంది.

ఆగిపోతే తెలిసేదెలా

తనంతట తాను నడిచేది, తనంతట తాను ఆగిపోతుంది కూడా. ఆగిందని ఎవరికీ తెలియకపోవడమే పాత ఏర్పాటులో అసలు నష్టం. నాస్‌లో వారానికోసారి నడిచే స్క్రిప్టు ఒకటి పెట్టాను. ఒక్కో కంప్యూటర్ ఫోల్డర్‌లో చివరిసారి ఫైలు ఎప్పుడు వచ్చిందో చూసి, ఏడు రోజులు దాటితే అబ్బాయికి, నాకు మెయిల్ పంపుతుంది. అంతా బాగున్నా ఆదివారం ఒక మెయిల్ వస్తుంది. మెయిల్ అసలే రాకపోతే నాస్‌నే చూడాలని చెప్పి ఉంచాను.

మిగిలిన పని ఒకటుంది. విండోస్ 7 డెస్క్‌టాప్‌ను కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషిన్‌గా, అంటే దాని లోపల ఒక ప్రోగ్రాంలా నడిచే కంప్యూటర్‌గా మార్చాలి. ఇప్పుడు ముహూర్తాలు జోరుగా ఉన్నాయి, ఆయన కంప్యూటర్ ఒక్కరోజు ఆగినా కుదరదు. ఆషాఢంలో పత్రికల పని తగ్గుతుంది. అప్పుడు క్లోన్‌జిల్లా ఇమేజ్ మళ్లీ తాజాగా తీసి, దాన్ని కొత్త కంప్యూటర్‌లో లేపి, ఆయన పది పాత కార్డులు తెరిచి ప్రింటు తీసి చూసుకున్నాకే పాత డెస్క్‌టాప్‌ను పక్కన పెడతాం.